బండిలో బండ ఎక్కడ పెట్టాలి?

చలికాలం వచ్చిందంటే చాలు, ఫోన్ తెరిస్తే క్యాంపర్ వ్యాన్ రీల్సే. వెనక డోర్ తీసి ఉంటుంది, ఎదురుగా వనజంగి మేఘాలు, పక్కన చిన్న స్టవ్ మీద టీ మరుగుతూ ఉంటుంది. చూస్తే నాకూ మనసు లాగుతుంది, అబద్ధమెందుకు! కానీ ఆ రీల్స్‌లో ఎప్పుడూ కనిపించనిది ఒకటుంది. ఆ స్టవ్‌కి గ్యాస్ ఎక్కడి నుంచి వస్తోంది? ఆ బండ ఏ మూల ఉంది? ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అది నిలబడే ఉందా, పడి దొర్లుతోందా?

ఈ వారం కబుర్లు దాని గురించే. ఇప్పుడు హైదరాబాద్‌లో, వైజాగ్‌లో, బెంగళూరులో మనవాళ్లు చాలామంది పాత ఓమ్నీలు, టెంపో ట్రావెలర్లు కొని లోపల మంచం, అరలు, స్టవ్ పెట్టించుకుంటున్నారు. కొననివాళ్లకి అద్దెకీ దొరుకుతున్నాయి. పరుపు ఏది మంచిదో, లైట్లు ఏ రంగువి బాగుంటాయో వారాల తరబడి వెతుకుతారు. సిలిండర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏముందిలే, మంచం కిందకి తోసేద్దాం" అంటారు. ఆ ఒక్క మాట గురించే నా భయం.

గ్యాస్ నీళ్లలా పారుతుంది

ఒక్క విషయం అర్థమైతే మిగతా జాగ్రత్తలు చాలావరకు మీకే తడతాయి. మన ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన గ్యాస్. అమెరికాలో ఆర్‌వీలకి వాడేది దాదాపు అంతా ప్రొపేనే. గాలితో పోలిస్తే ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. కాబట్టి లీకైతే పొగలా పైకి పోదు. కిందికి దిగి, నీళ్లలా పారి, పల్లం ఉన్నచోట నిలిచిపోతుంది.

ఇంట్లో అయితే తలుపు కింద సందులోంచి ఎంతో కొంత బయటికి పోతుంది. వ్యాన్‌లో కింద రేకు, దాని మీద ప్లైవుడ్, దాని మీద వినైల్ షీటు. దుమ్ము రాకూడదని అంచులన్నీ సిలికాన్‌తో మూసేస్తారు. అంటే గ్యాస్ వరకూ అదొక తొట్టి. పడినది పడినట్టే అందులో ఉంటుంది.

చిన్న లెక్క వేద్దాం. వ్యాన్ లోపల 10 ఘనపు మీటర్ల గాలి ఉందనుకోండి. గాలిలో ఎల్‌పీజీ సుమారు 2 శాతానికి చేరిందంటే నిప్పురవ్వ తగిలితే చాలు, అంటుకుంటుంది. 10 ఘనపు మీటర్లలో 2 శాతం అంటే 200 లీటర్ల గ్యాస్. బరువులో చెప్పాలంటే అర కిలో కూడా ఉండదు. పెట్రోల్ బంకుల్లో అమ్మే ఛోటు సిలిండర్‌లో 5 కిలోలు ఉంటుంది, ఇంటి బండలో 14.2 కిలోలు. పైగా లీకైన గ్యాస్ వ్యాన్ అంతా సమానంగా పరుచుకోదు, కిందే పేరుకుంటుంది. అందుకే మంచం కింద అంతకంటే చాలా తక్కువ గ్యాస్‌కే ఆ స్థాయి వచ్చేస్తుంది.

నిప్పురవ్వ ఎక్కడిదంటారా? ఫ్రిజ్ కంప్రెసర్, ఇన్వర్టర్, స్విచ్‌లు. చాలా వ్యాన్లలో ఇవన్నీ ఉండేది కూడా ఆ మంచం కిందే.

"ఎంత నీట్‌గా కూర్చుందో చూడు"

మా బాబాయి కొడుకు ఒకడు పాత టెంపో ట్రావెలర్ కొన్నాడు. వారమంతా ఉద్యోగం, శని ఆదివారాలు వ్యాన్ పని. ఐదు నెలలు కష్టపడి క్యాంపర్ చేశాడు. సంక్రాంతికి ముందు స్నేహితులతో కలిసి మొత్తం ఐదుగురు అరకు, లంబసింగి వెళ్లాలని ప్లాన్. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు, చూద్దువు రమ్మని పిలిచాడు. వ్యాన్ నిజంగా బాగుంది. మడత బల్ల, మీద గిన్నెల అర, కిటికీలకి పిన్ని కుట్టిన కర్టెన్లు. మంచం కింద పాలిష్ పెట్టిన చెక్క తలుపు తీసి చూపించాడు. లోపల వాళ్లింటి గ్యాస్ బండ.

"బయటికి కనపడకుండా ఎంత నీట్‌గా కూర్చుందో చూడక్కా."

"కూర్చుంది సరేరా. లీకైతే ఎటు పోతుంది?"

"లీకెందుకవుతుంది? పైపు కొత్తది వేశా."

"ఒకవేళ అయితే?"

అటూ ఇటూ చూశాడు. ఆ అరకి ఉన్న దారి ఒక్కటే, ఆ చెక్క తలుపు. అది తెరుచుకునేది ఐదుగురు పడుకునే చోటికి.

కింద కన్నాలు పెట్టించమంటే ముఖం చిన్నబోయింది. కొత్త ఫ్లోరింగ్, దుమ్మొస్తుంది, వాననీళ్లొస్తాయి అన్నాడు. పిన్నిది ఇంకో బాధ. "బండ నిండుగా ఉందమ్మా. మళ్లీ చిన్నది కొనడం దండగ కాదూ? ఐదుగురు పిల్లలు మూడు రోజులు వండుకు తినాలాయె."

పిన్ని అడిగింది న్యాయమైన ప్రశ్నే కాబట్టి అక్కడే లెక్క చెప్పాను. మామూలు బర్నర్ ఒకటి గంటసేపు వెలిగితే సుమారు 150 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. రోజుకి మూడు గంటలు వండినా మూడు రోజులకి కిలోన్నర లోపే. 5 కిలోల సిలిండర్‌లో ఇంకా సగానికి పైగా మిగులుతుంది. అక్కర్లేని 9 కిలోల గ్యాస్‌ని, అంత ఇనుముని మోసుకుని ఘాట్ రోడ్డు ఎక్కడం ఎందుకు? అదీగాక ఇంటి కనెక్షన్ బండ ఇచ్చేది ఇంట్లో వంటకే.

చాలాసేపు వాదించుకున్నాక ఒప్పుకున్నాడు. ఇంటి బండ ఇంటికి పోయింది. వెనక డోర్ దగ్గర ఇనప పెట్టె చేయించాడు. వెల్డింగ్ పని ఆలస్యమై ట్రిప్పు ఒక రోజు వెనక్కి జరిగింది. ఒకడికి సెలవు దొరక్క రాలేకపోయాడు, వాడికి నా మీద ఇంకా కోపమే. ఉండనీ.

పెట్టె ఎలా ఉండాలి

యూరప్‌లో క్యాంపర్ల గ్యాస్ ఏర్పాట్లకి ఈఎన్ 1949 అనే ప్రమాణం ఉంది. అమెరికాలో ఆర్‌వీలకి ఎన్‌ఎఫ్‌పీఏ 1192 ఉంది. సిలిండర్ విషయంలో రెండింటి ఆలోచనా ఒకటే. లీకైన గ్యాస్ మనుషులుండే వైపుకి రాకూడదు, బయటికి పోవాలి.

మన భాషలో చెప్పాలంటే, సిలిండర్‌కి విడిగా ఒక ఇనప పెట్టె కావాలి. దాని తలుపు బయటికి గానీ, వెనక డోర్ తీస్తే అందేలా గానీ ఉండాలి. వ్యాన్ లోపలి వైపు సందు లేకుండా మూసెయ్యాలి. స్టవ్ పైపు వెళ్లే కన్నం చుట్టూ రబ్బరు బుష్ వేసి అది కూడా మూసెయ్యాలి. పెట్టె అడుగున మాత్రం నేరుగా రోడ్డు కనపడేలా కన్నాలుండాలి. దుమ్ము, ఎలుకలు రాకుండా జాలీ బిగించుకోండి. ఆ జాలీకి బురద పట్టి మూసుకుపోయిందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. కన్నాలు పెట్టే ముందు బండి కిందికి వంగి చూడండి. సైలెన్సర్ దగ్గర్లో పెట్టారో, లీకైన గ్యాస్‌ని తీసుకెళ్లి వేడి మీద పోసినట్టే. ఆ పెట్టెలో బ్యాటరీ, స్విచ్, వైర్లు ఏవీ పెట్టకండి.

ఇక బండికి చేసే పెద్ద మార్పులకి ఆర్టీఓ అనుమతి కావాలి. ఏదైనా జరిగి ఇన్సూరెన్స్ అడిగినప్పుడు మొదట చూసేది ఆ కాగితాలే. అద్దెకి తీసుకుంటే డబ్బు కట్టే ముందే "సిలిండర్ ఎక్కడుంది? చూపించండి" అని అడగండి. చూపించడానికి నసిగితే ఆ బండి వద్దు.

బండి కదిలేటప్పుడు

బండి కదులుతుంటే గ్యాస్ ఆపి ఉండాలి. స్టవ్ నాబ్ తిప్పితే చాలదు. నాబ్ వరకు పైపులో గ్యాస్ ఉంటుంది, గతుకుల రోడ్డు మీద జాయింట్లు వదులవుతాయి. రెగ్యులేటర్ ఆఫ్ చేసి, దాన్ని తీసేసి, సిలిండర్‌తో వచ్చిన తెల్ల దారం ఉండే క్యాప్ పెట్టెయ్యండి. ఆ క్యాప్ ఇంట్లో ఎక్కడో డ్రాయర్‌లో పడి ఉంటుంది, వెతికి తీసుకెళ్లండి.

సిలిండర్ నిలబడే ఉండాలి. ఎందుకంటే లోపల కింద ద్రవం, మీద గ్యాస్ ఉంటాయి. నిలబడి ఉంటే వాల్వ్ దగ్గర ఉండేది గ్యాస్. పడుకోబెడితే ద్రవం వాల్వ్ దగ్గరికి వస్తుంది. అప్పుడు లీకైతే బయటికొచ్చేది ద్రవం, అది గ్యాస్‌గా మారితే సుమారు 250 రెట్లు అవుతుంది. "ఖాళీదేలే" అని పడుకోబెట్టకండి. స్టవ్ వెలగనంత మాత్రాన లోపల ఏమీ లేనట్టు కాదు.

నిలబెడితే సరిపోదు, కట్టాలి. సాగే తాళ్లు పనికిరావు. బండి ఛాసిస్‌కి లేదా పెట్టెకి బిగించిన రాట్చెట్ బెల్టులు రెండు, ఒకటి పైన, ఒకటి కింద. గ్యాస్, ఇనుము కలిపి ఛోటు కూడా 10 కిలోలు దాటుతుంది. గేదె అడ్డమొచ్చి సడెన్ బ్రేక్ వేస్తే అంత బరువు ఎగిరి ఎవరి వీపు మీదికొస్తుందో ఒక్కసారి ఊహించుకోండి.

పెట్రోల్ బంకులోకి వెళ్లే ముందే స్టవ్, గ్యాస్ అన్నీ ఆపి ఉండాలి. మధ్యాహ్నం ఎండలో బండి మూసేసి సినిమాకి వెళ్లిపోకండి. మన మే నెలలో మూసిన బండి లోపల వేడి 60 డిగ్రీలు దాటొచ్చు. ద్రవం వేడికి పెరుగుతుంది. కంపెనీ నింపిన సిలిండర్‌లో దానికోసమే కొంత ఖాళీ వదులుతారు. వేడి మరీ ఎక్కువైతే లోపల పీడనమూ పెరుగుతుంది. తొట్టిలాంటి వ్యాన్‌లో గ్యాస్ బయటికొస్తే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

మజిలీ చేరాక రెగ్యులేటర్ పెట్టి, స్టవ్ వెలిగించకముందే సబ్బు నురగ రాసి చూడండి. వాల్వ్ దగ్గర, పైపు రెండు చివర్లలో. బుడగలొస్తే ఆ రోజు వంట లేదు, దాబా ఉంది. అగ్గిపుల్ల గీసి చూసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వాళ్లని దగ్గరికి రానివ్వకండి.

పడుకునేటప్పుడు

గ్యాస్‌కి వాసన దానంతటది రాదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. కానీ నిద్రలో ఉన్న ముక్కుని నమ్మలేం. జలుబు చేసిన ముక్కునీ నమ్మలేం. అందుకే 12 వోల్టుల ఎల్‌పీజీ అలారం ఒకటి పెట్టించండి. గ్యాస్ కిందే ఉంటుంది కాబట్టి నేలకి జానెడు ఎత్తులో బిగించాలి. కప్పుకి బిగిస్తే అది మోగేసరికి ఆలస్యమైపోతుంది.

రెండోది కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఇది వేరే ప్రమాదం, దీనికి వాసనే ఉండదు. లంబసింగి చలికి అద్దాలన్నీ ఎత్తేసి, వెచ్చగా ఉంటుందని స్టవ్ వెలిగించి పడుకునేవాళ్లున్నారు. గాలి ఆడని చోట మండే ఏ మంటైనా ఈ విషవాయువుని వదులుతుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జెనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని పరీక్షల్లో తేలింది. మంట లేదు, పేలుడు లేదు. చలేస్తే ఇంకో రగ్గు కప్పుకోండి. స్టవ్ వంటకే, అదీ డోర్ తీసి.

బండిలో గ్యాస్ వాసన వస్తే పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేసి, అందరూ దిగండి. డోర్లన్నీ తెరిచి ఉంచండి. లైట్, ఫ్యాన్ స్విచ్‌లు వెయ్యొద్దు, ఆపొద్దు. ఫోన్ చెయ్యడం దూరం వెళ్లాకే. ఎల్‌పీజీ లీకులకి దేశమంతా ఒకటే నంబరు, 1906. మంట కనిపిస్తే 101.

కొనేటప్పుడు

సందుల్లో షాపుల్లో దొరికే చిన్న సిలిండర్లు ఉంటాయి కదా, మీదే బర్నర్ ఉండేవి, పెద్ద బండలోంచి పైపుతో నింపిచ్చేవి. అవి వద్దు. అలా నింపడం చట్టవిరుద్ధం. ఎంత నింపారో కొలత ఉండదు, వేడికి పెరగడానికి జాగా వదలరు. ఆయిల్ కంపెనీల 5 కిలోల సిలిండర్‌కి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. దానికి సరిపోయే రెగ్యులేటర్ కూడా అక్కడే అడిగి తీసుకోండి.

తీసుకునేటప్పుడు హ్యాండిల్ కింద ఉండే నిలువు పట్టీల లోపలి వైపు చూడండి. ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జులై నుంచి సెప్టెంబరు, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. "సీ 27" అని ఉంటే 2027 సెప్టెంబరులోపు ఆ సిలిండర్‌ని మళ్లీ పరీక్షించాలి. గడువు దాటినది ఇస్తే తీసుకోకండి. పైపు ఐఎస్ఐ మార్కుది, లోపల ఉక్కు తీగ ఉండేది కొనండి.

లద్దాఖ్ వెళ్లేవాళ్లకి ఇంకో మాట. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గర గ్యాస్‌గా మారడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా మారుతూనే ఉంటుంది. మన సిలిండర్‌లో రెండూ ఉంటాయి కాబట్టి గడ్డకట్టే చలిలో మంట నీరసపడుతుంది. అప్పుడు సిలిండర్ కింద మంట పెట్టడం లాంటి పనులు చెయ్యకండి. బరువు ఊపితే తెలుస్తుంది, గ్యాస్ అయిపోలేదు, చలికి లేవడం లేదంతే.

ఇండక్షన్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదుగా అంటారా? నిజమే, ఉండదు. కాకపోతే లీటరు నీళ్లు మరగడానికి 0.1 యూనిట్ పైనే కరెంటు కావాలి. ఐదుగురికి అన్నం, కూర, టీలు అంటే ఒక యూనిట్ బ్యాటరీ ఒక్క రోజుకే చాలీచాలదు. ఇద్దరే అయితే ఆలోచించొచ్చు.

రైల్లో వద్దు, విమానంలో వద్దు

"బండిలో కాదు, రైల్లో తీసుకెళ్లి అక్కడ వ్యాన్‌లో పెట్టుకుంటాం" అనేవాళ్లు ఒక తేదీ గుర్తుంచుకోండి. 2023 ఆగస్టు 26న తెల్లవారుజామున మదురైలో ఆగి ఉన్న టూరిస్టు కోచ్‌లో మంటలు లేచి 9 మంది చనిపోయారు. లక్నో నుంచి వచ్చిన యాత్రికులు. రూల్స్‌కి విరుద్ధంగా తెచ్చిన గ్యాస్ సిలిండర్ వల్లే ఇలా జరిగిందని రైల్వే చెప్పింది. టీ కాచుకోవాలన్నంత చిన్న కోరిక. రైల్లో ఇలాంటి వస్తువులు తీసుకెళ్తే రైల్వే చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. విమానంలో అయితే సగం వాడిన చిన్న క్యానిస్టర్‌ని కూడా ఎక్కనివ్వరు. దిగిన ఊళ్లోనే కొనుక్కోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి: అక్కడి 20 పౌండ్ల ప్రొపేన్ ట్యాంకుకి చక్రంలాంటి నాబ్ ఉంటుంది. కుడివైపుకి పూర్తిగా తిప్పి మూసి, ప్లగ్ పెట్టి, నిలబెట్టి కట్టండి. నింపించి తెచ్చేటప్పుడు షాపింగ్ అంతా అయ్యాక చివర్లో తీసుకుని నేరుగా ఇంటికి రండి. రూట్ వేసుకునేటప్పుడు సొరంగాలు చూసుకోండి. బాల్టిమోర్ హార్బర్ టన్నెల్ లాంటి చోట్ల ఈ సైజు ట్యాంకుల్ని అనుమతించరు. మ్యాప్ ఆ సంగతి చెప్పదు.

చివరిగా, ఒక డ్యూటీ

ఇన్ని జాగ్రత్తలు ఎవరికి గుర్తుంటాయి అంటారేమో. అందరికీ అక్కర్లేదు, ఒక్కరికి గుర్తుంటే చాలు. నేను చూసినంతవరకు ఫ్రెండ్స్ ట్రిప్పుల్లో "నువ్వు కట్టేశావనుకున్నా", "లేదు, నువ్వు కట్టేశావనుకున్నా" అనే మాటలే ఎక్కువ. డ్రైవింగ్ ఎవరిది, పాటలు ఎవరివి అని పంచుకుంటారుగా, అలాగే బండ డ్యూటీ ఒకరికి ఇచ్చెయ్యండి. రెగ్యులేటర్ తీశారా, క్యాప్ పెట్టారా, బెల్టులు బిగించారా అని చేత్తో తాకి చూసి, "గ్యాస్ ఆఫ్" అని అందరికీ వినపడేలా అరవాలి. ఆ మాట వినపడేదాకా డ్రైవర్ తాళం తిప్పకూడదు.

మీ గ్యాంగ్‌లో ఆ డ్యూటీ ఎవరికి ఇవ్వాలో ఈపాటికి మీకు ఒక పేరు తట్టే ఉంటుంది. వాళ్లకి ఇప్పుడే చెప్పండి.